ఉతికి ఆరేసిన మాట

“ఉతికి ఆరెయ్యడమంటే ఏంటో ఆ అమెరికా వీసా ఆఫీసు వాళ్ళకి ఎవరు చెబుతారే?” అని జులేఖా మూడోసారి అడిగింది.

సబీహా వంగి మళ్ళీ తెర చూసింది. ఫోను తల్లి చేతిలోనే ఉంది. తెర మీద పైన తెలుగు, దాని కింద ఫోను తనంతట తాను చేసిపెట్టిన ఇంగ్లీషు. తెలుగులో ఉన్నది ఇదీ: “అక్కడి విలేకరులు దేశాధ్యక్షుణ్ణి ఎదురుగా నిలబెట్టి ఉతికి ఆరేస్తారు. మర్నాడు మళ్ళీ అదే గదికి వెళ్ళి ముందు వరసలో కూర్చుంటారు. ఈ ఒక్క పద్ధతి కోసం ఆ దేశానికి దణ్ణం పెట్టొచ్చు.”

ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అధ్యక్షుణ్ణి ఉతికి వేలాడదీస్తారని తేలింది. వేలాడదీయడమంటే అవతలివాళ్ళు ఏమనుకుంటారో ఏలూరు పవర్‌పేటలో జాకెట్లు కుట్టుకునే జులేఖాకి కూడా తెలుసు. మెచ్చుకోలు కాస్తా ఉరిశిక్ష అయి కూర్చుంది.

“సోమవారం పొద్దున్నే ఇంటర్వ్యూ. ఇవాళ శనివారం. ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయో ఏవిటో!”

“రెండొందల పద్నాలుగు,” అంది సబీహా మెల్లగా.

జులేఖా కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడింది.

తప్పు ఎవరిదని అడిగితే ఆ ఇంట్లో అందరిదీ, ఎవరిదీ కాదు. నాలుగేళ్ళ క్రితం సబీహా కొత్త ఫోను కొనుక్కుని పాతది తాతయ్య మదార్‌కి ఇచ్చేసింది. ఫోనుతోపాటు అందులో తెరిచి ఉన్న తన ఖాతా కూడా వెళ్ళిపోయింది. తను మాత్రం ఆ సంగతే మరిచిపోయింది. ఫిషరీస్ చదువు, కొల్లేటి నీళ్ళ పరీక్షలు, ఆ తర్వాత అమెరికాలో చిత్తడి నేలల మీద నాలుగు నెలల శిక్షణకి ఎంపిక. వీసా దరఖాస్తులో ఐదేళ్ళుగా వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయమంటే నిజాయితీగా పాత ఖాతా పేరు కూడా రాసింది. ఖాతాలన్నీ అందరికీ కనపడేలా తెరిచి ఉంచాలన్నారు. అలాగే తెరిచింది. నిన్న తాడేపల్లిగూడెం వీసా కన్సల్టెన్సీ రాజేష్ ఫోను చేసి, “మేడం, అమెరికా ఎన్నికల మీద మీరు ఇన్ని రాశారని నాకు చెప్పనేలేదండీ,” అన్నదాకా అందులో ఏముందో తనకే తెలీదు.

మదార్ వసారాలో కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి. ఫ్లెక్సులు రాకముందు నలభై ఏళ్ళపాటు ఏలూరులోనూ, చుట్టుపట్ల ఊళ్ళలోనూ ఏ ఎన్నికలొచ్చినా గోడల మీద రాతలన్నీ ఆయనవే. హస్తాలూ, సైకిళ్ళూ, కంకీ కొడవళ్ళూ, అన్నీ ఆ చెయ్యే దించింది. ఇవాళ ఆ చేతిలో టీ గ్లాసు ఉంది గాని ఆయన తాగడం లేదు.

సబీహా తండ్రి మోయిన్ ఫ్లెక్సు షాపు నుంచి వచ్చాడు. వాకిట్లో బండి ఆపుతూనే మొదలుపెట్టాడు.

“నాన్నా, మీకు అమెరికా ఎన్నికలతో ఏం పనండీ? మనకి అక్కడ ఓటుందా, వేలికి సిరా పెడతారా?”

మదార్ గ్లాసు కింద పెట్టాడు.

“పేపరు చదువుకోండి, టీవీ చూసుకోండి, కాదన్నానా? రాయడమెందుకు? అదీ పిల్ల పేరు మీద!”

“పేరు సంగతి నాకు తెలీదురా,” అన్నాడు మదార్. “పైన బాతు బొమ్మే ఉంది. ఎవరిదో అనుకున్నాను.”

నిజమే. ఆ ఖాతాకి సబీహా ఫొటో లేదు. కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో తీసిన గూడబాతు ఫొటో ఉంది. పేరేమో ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆరడుగుల అక్షరాలు రాసిన మనిషికి అది కనపడకపోవడంలో వింత లేదు.

“మావయ్యగారిని అంటే ఇప్పుడేం వస్తుందండీ?” అంది జులేఖా. “తియ్యాల్సినవి తీసేస్తే సరి. తెల్లారగట్ల నుంచీ చదువుతూనే ఉన్నాను. తొంభై దాకా అయ్యాయి.”

“అందులో ఎన్ని తియ్యాలి?”

జులేఖా తటపటాయించింది. “నాకైతే మంగళవారం గురించి రాసింది చదివి నవ్వొచ్చిందండీ.”

మోయిన్ భార్య వైపు ఒక చూపు చూశాడు. ఆమె దారం వెతుక్కుంటున్నట్టు తల దించుకుంది.

“అన్నీ తీసెయ్యండమ్మా,” అన్నాడు మదార్. గొంతు మామూలుగానే ఉంది. “ఎన్నికలయ్యాక గోడకి సున్నం కొట్టాలి. అది రూలు. నేనెప్పుడూ రూలు తప్పలేదు.”

సబీహాకి ఆ మాట గుచ్చుకుంది. ఆయన కోప్పడి ఉంటే తనూ కోప్పడేది. బతిమాలితే బతిమాలేది. ఇంత సులువుగా ఒప్పేసుకున్న మనిషితో ఏం మాట్లాడాలో తెలియలేదు.

“రాజేష్‌గారు పదకొండింటికి రమ్మన్నారు. ఏదో కాయితం మీద సంతకం పెట్టాలట,” అంది. “మీరూ రండి తాతయ్యా. రాసింది మీరేనని ఆయనకి చెప్పాలి కదా.”

మదార్ లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

రైలు దెందులూరు దాటేసరికి సబీహా పదకొండు తీసేసింది. మొదటి పదకొండూ కళ్ళు మూసుకుని తీసింది. చదివితే తియ్యలేనేమోనని భయం. పన్నెండోది చదవకుండా ఉండలేకపోయింది. అదే తల్లిని నవ్వించిన మంగళవారం.

“ఎన్నికలు మంగళవారం పెడతారట. దేశమంతటికీ సెలవు కూడా ఉండదట. పనికి వెళ్ళేవాడు పని మానుకుని పోయి వరసలో నిలబడాలి. మనకి పోలింగు రోజున ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి కూడా జీతంతో సెలవు. కొల్లేటి లంకలో పదిమంది ఓటర్లున్నా పడవ మీద పెట్టె మోసుకెళతారు. ఈ ఒక్క సంగతి వాళ్ళు మన దగ్గరికి వచ్చి నేర్చుకోవాలి. వస్తే నేనే దగ్గరుండి చూపిస్తాను.”

సబీహా కిసుక్కున నవ్వింది. పక్కన కిటికీ దగ్గర కూర్చున్న మదార్ తిరిగి చూడలేదు. బయట చేపల చెరువుల మీద ఎండ పడి మెరుస్తోంది.

తర్వాతది చదివింది. ఆ తర్వాతదీ చదివింది. తియ్యడం ఆగిపోయింది.

“జెండా తగలబెట్టినా నేరం కాదని వాళ్ళ పెద్దకోర్టు ఎప్పుడో చెప్పిందట. నాకు నచ్చలేదు. పంద్రాగస్టుకి బడి గోడల మీద జెండాలు రాసిన చెయ్యి నాది. కాని కళ్ళ ముందు అంత పని చేసినవాణ్ణి కూడా భరించగలిగిందంటే ఆ దేశానికి గుండె ఉందని ఒప్పుకోవాలి. ఆ గుండె ఎప్పుడూ అలాగే ఉంటుందా అన్నదే నా అనుమానం.”

ఇంకొకటి: “ఓడినవాడు గెలిచినవాడికి ఫోను చేసి అభినందించడం వాళ్ళ ఆనవాయితీ. చట్టంలో లేదు. చెయ్యకపోతే జైలూ లేదు. ఒకసారి ఆ ఫోను మోగలేదు. ఎంత గొడవైందో ప్రపంచమంతా చూసింది. అంత పెద్ద దేశం, అన్ని విమానాలూ, అన్ని ఓడలూ, ఆఖరికి ఒక ఫోను మీద నిలబడి ఉంది.”

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి రాసిన మాటలివి. పదహారేళ్ళు చదివిన తను ఎప్పుడైనా ఇంత సూటిగా ఒక వాక్యం రాసిందా? సబీహాకి గర్వం ముంచుకొచ్చింది. ఆ వెనకే సిగ్గు. కొన్నేళ్ళుగా కొల్లేటి ఊళ్ళలో చేపల రైతులు తనని చూడగానే కుర్చీ వేసేవారు. గుండుగొలను సుబ్బరాజుగారయితే, “మీలాంటి వాళ్ళు మా చెరువుకి రావడం మా అదృష్టమండీ,” అనేవాడు. తన నీళ్ళ పరీక్షలకి ఎంత విలువిస్తున్నారో అని మురిసిపోయేది. చూస్తే ఈ రాతల కింద మెచ్చుకుంటూ రాసినవాళ్ళంతా వాళ్ళే. ఆ కుర్చీ ఎవరికి వేశారో ఇప్పుడు తెలిసింది.

“తాతయ్యా, ఇది తప్పు,” అంది ఒకచోట ఆగి.

“ఏది?”

“ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఇంటికీ తక్కువ వచ్చినవాడు గద్దెకీ వెళ్ళిన రోజులున్నాయట, ఇదేం ఎన్నిక అని రాశారు. చిన్న రాష్ట్రాల మాట కూడా చెల్లాలని అలా పెట్టుకున్నారండీ వాళ్ళు. కొల్లేటి లంకల్లో ఎన్ని ఓట్లున్నాయి? ఏలూరులో ఎన్నున్నాయి? ఊరికే తలలు లెక్కపెడితే లంకవాళ్ళ మాట ఎవరు వింటారు?”

మదార్ కళ్ళలోకి వెలుగొచ్చింది. పొద్దుటినుంచీ మొదటిసారి మనవరాలి వైపు పూర్తిగా తిరిగాడు.

“అయితే లంకలో ఒక ఓటు ఏలూరులో నాలుగు ఓట్లా? నా ఓటు ఏం పాపం చేసింది?”

“పాపం కాదండీ...”

“మనిషికొక ఓటు. కలెక్టరుగారికీ ఒకటే, నాకూ ఒకటే. ఆ ఒక్క రోజే ఇద్దరం సమానం. ఆ ఒక్కటీ తీసుకెళ్ళి త్రాసులో పెడితే ఎలాగమ్మా?”

“లంకవాళ్ళ నీళ్ళు పాడవుతుంటే నేను రోజూ చూస్తున్నాను తాతయ్యా. వాళ్ళ సంఖ్య తక్కువని కాదూ ఎవరూ పట్టించుకోనిది?”

మదార్ కాసేపు ఆలోచించాడు. “ఇది నాకు తట్టలేదు,” అన్నాడు. “తప్పని మాత్రం ఒప్పుకోను.”

భీమడోలులో రైలు ఆగింది. నిమ్మకాయ గంపలు దింపుకునే ఆడవాళ్ళకి ఇద్దరూ కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. రైలు కదిలాక సబీహా మళ్ళీ ఫోను చూసింది. ఈసారి వచ్చినది చాలా చిన్నది.

“దూరదేశం గురించి ఇంత ధైర్యంగా రాస్తారు, మన ఊరి గురించి ఒక్క ముక్కా రాయరేమండీ అని సుబ్బరాజుగారు అడిగారు. మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. జవాబు దొరకలేదు.”

సబీహా ఆ ముక్క ఆయనకి చదివి వినిపించింది. “జవాబు తర్వాతన్నా దొరికిందా తాతయ్యా?”

మదార్ కిటికీ వైపు తిరిగాడు. రైలు పూళ్ళ స్టేషను దాటింది.

“జవాబు అప్పుడూ తెలుసమ్మా. రాయలేకపోయానంతే,” అన్నాడు చివరికి. “మీ నాన్న ఫ్లెక్సు షాపుకి అన్ని పార్టీలవాళ్ళూ వస్తారు. నేను ఒక మాట రాస్తే ఒకళ్ళు మానేస్తారు, ఇంకో మాట రాస్తే ఇంకొకళ్ళు. నా రోజుల్లోనూ అంతే. అందరి జెండాలూ రాశాను. అందరి నినాదాలూ రాశాను. నలభై ఏళ్ళలో నాది ఒక్క మాట కూడా గోడ ఎక్కలేదు. అమెరికా అయితే ఎవరికీ కోపం రాదనుకున్నాను. అంత దూరం ఉంది కదా, మనకెలా తగులుతుందిలే అనుకున్నాను.”

ఆయన నవ్వబోయాడు. నవ్వు సరిగా రాలేదు.

“ఇప్పుడు చూడు, తిరిగొచ్చి నీకే తగిలింది. తీసెయ్యమ్మా. నీ ప్రయాణం ముఖ్యం. నాలుగు నెలలు ఆ నీళ్ళు చూసొస్తే మన కొల్లేటికి పనికొస్తుంది. నా మాటలు ఏ చెరువుకి పనికొస్తాయి?”

సబీహా ఫోను సంచిలో పడేసింది. మిగిలిన రెండొందల మూడూ అలాగే ఉన్నాయి.

రాజేష్ ఆఫీసు తాడేపల్లిగూడెం స్టేషను రోడ్డులో మేడ మీద ఉంది. మర్యాదస్తుడు. మెట్లెక్కి వచ్చిన పెద్దాయనకి తన కుర్చీ ఇచ్చి తాను ప్లాస్టిక్ స్టూలు లాక్కున్నాడు.

“కంగారేం లేదండీ. ఇది మా అనుభవంలో ఉన్నదే,” అన్నాడు. “ఎన్ని తీసేశారు మేడం?”

“పదకొండు.”

“రెండొందల్లోనా?” రాజేష్ మొహంలో చిరునవ్వు కాస్త సడలింది. “ఫర్వాలేదండీ, మిగతావి మా ఆఫీసు అమ్మాయి తీసేస్తుంది. ఈలోగా ఈ లెటరు మీద సంతకం పెట్టండి. అడుగుతారో లేదో తెలీదు. అడిగితే చూపించడానికి చేతిలో ఉంటుంది.”

ఒక పేజీ ఇంగ్లీషు. సబీహా చదివింది. మళ్ళీ చదివింది.

“ఏం రాశారమ్మా?” అన్నాడు మదార్.

“ఏదో ఫార్మాలిటీ అండీ పెద్దాయనా,” అన్నాడు రాజేష్ తొందరగా.

“నాకు చదివి చెప్పమ్మా. ఏం రాసి ఉందో తెలీకుండా ఎప్పుడూ ఒక్క గోడ రాయలేదు నేను.”

సబీహా గొంతు సవరించుకుంది. తెలుగు చేసి చెప్పింది. ఫోనులా కాకుండా, ఉన్నది ఉన్నట్టు.

“ఈ ఖాతాలో రాతలు నావి కావు. నాకు తెలియకుండా మా ఇంట్లోని ఒక వృద్ధుడు రాశాడు. వయసు మీదపడి ఆయనకి మతి స్థిమితం తప్పింది. తాను ఏం రాస్తున్నాడో ఆయనకి తెలియదు. ఆయన అభిప్రాయాల్లో ఏ ఒక్కదానితోనూ నేను ఏకీభవించను.”

రాజేష్ తన షూ వైపు చూసుకుంటున్నాడు.

“గట్టిగా ఉండాలని అలా పెట్టామండీ,” అన్నాడు. “మనసులో పెట్టుకోకండి. మా తాతగారయినా ఇలాగే రాసేవాణ్ణి.”

మదార్ తల ఊపాడు. “బాగానే ఉంది,” అన్నాడు. “పెట్టమ్మా సంతకం.”

“తాతయ్యా!”

“నాకు మతి ఉందో లేదో వాళ్ళకెందుకు? నీకు తెలుసు, చాలు. పెట్టు.”

సబీహా ఆయన చేతులు చూసింది. రెండూ మోకాళ్ళ మీద బిగుసుకుని ఉన్నాయి. ఈ మనిషి అన్ని పార్టీలకీ తలవంచాడు, కొడుకు షాపు కోసం నోరు కట్టుకుని అతనన్న మాటలన్నీ పడ్డాడు, ఇప్పుడు తనకోసం పిచ్చివాడినని ఒప్పుకుంటున్నాడు. ఇంతకంటే గొప్పవాణ్ణి తను ఏ యూనివర్సిటీలో చూడబోతుంది?

ఆమె ఆ కాగితం తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది.

“పెన్ను ఇవ్వండి రాజేష్‌గారూ.”

“సంతకం ముందువైపు అండీ మేడం...”

“తెలుసండీ.”

ఆమె ఇంగ్లీషులో రాసింది. కొట్టివేతలతో పది నిమిషాలు పట్టింది. రాసింది తాతయ్యకి తెలుగులో చదివి వినిపించింది.

“ఈ ఖాతా నాది. ఇందులోవన్నీ మా తాతయ్య షేక్ మదార్‌గారి మాటలు. ఆయన బుద్ధి నాకంటే బాగా పనిచేస్తోంది. వీటిలో కొన్నిటితో నేను ఏకీభవించను. వాటి గురించి ఆయనతో ఇంట్లో పోట్లాడతాను, ఇవాళ రైల్లో కూడా పోట్లాడాను. ఫోను చేసే అనువాదం నమ్మకండి, అర్థంకాని మాటేదైనా ఉంటే నన్ను అడగండి, చెబుతాను. ఇందులోంచి ఒక్కటి కూడా తీసెయ్యలేదు.”

“ఆఖరి మాట అబద్ధం,” అన్నాడు మదార్ వెంటనే. “పదకొండు తీశావు.”

“తీసినవి ఆ యాప్ నెల్లాళ్ళు దాచి ఉంచుతుందండీ. తెప్పించుకోవచ్చు,” అన్నాడు రాజేష్. అన్నాక ఎందుకన్నానా అని నాలిక కరుచుకున్నాడు.

సబీహా అక్కడే కూర్చుని పదకొండూ తెప్పించింది. అప్పుడు సంతకం పెట్టింది.

“మేడం, నా మాట వినండి,” రాజేష్ నిజంగానే బాధపడుతున్నాడు. “దీనివల్ల మంచి జరగొచ్చు, చెడు జరగొచ్చు. పోతే మళ్ళీ ఏడాది దాకా ఆ ఛాన్సు రాదండీ.”

“తెలుసండీ.” ఆమెకి భయంగానే ఉంది. కాని పొద్దుటినుంచీ గుండెల మీదున్న బరువు మాత్రం దిగింది.

మదార్ కుర్చీలోంచి లేచాడు. ఒప్పుకోనంటాడని, కాగితం చింపేస్తాడని అనుకుంది సబీహా. ఆయన ఆమె చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు.

“నా మాటలని రాశావు. నాది కూడా ఉండాలి కదా.”

ఊరూరా అందరి పేర్లూ రాసిన చెయ్యి తన పేరు దగ్గర కాస్త ఆగింది. తర్వాత సాగింది. మదార్ అనే మూడక్షరాలూ తెలుగులో, గుండ్రంగా, తలకట్టుతో, దీర్ఘంతో సహా పొందికగా కాగితం మీద నిలబడ్డాయి. రాజేష్ స్టూలు మీంచి వంగి చూశాడు. “ఎంత బాగా రాశారండీ,” అన్నాడు తనకి తెలియకుండానే.

సబీహా ఫోను మోగింది. మోయిన్.

“ఏమ్మా, సంతకం అయిందా?”

“అయింది నాన్నా. ఇద్దరం పెట్టాం.”

అవతల ఫ్లెక్సు మిషను చప్పుడు వినపడుతోంది. తర్వాత అది ఆగిపోయింది.

“ఇద్దరూనా?” అన్నాడు మోయిన్. “మీ తాతయ్య దేనిమీద పెట్టారమ్మా?”